వంతు కాని రోజు రొయ్యలు

పులికాట్ సరస్సులోని దీవిలో నేను చెయ్యాల్సిన సోలార్ దీపాల మరమ్మతు మధ్యాహ్నానికే అయిపోయింది. సాయంత్రం పడవ వచ్చేదాకా ఖాళీ. ఒళ్ళు అలిసిపోయినా, నాకు రొయ్యల ఇగురు మీదే మనసు పోయింది. నోరు తెరిచి అడిగేశాను.

"ఇవాళ వల వేసే వంతు అవతలి ఊరోళ్ళది సార్. మాది రేపు," అన్నాడు తన ఇంట్లో నాకు భోజనం ఏర్పాటు చేసిన జాలరి రమణయ్య.

"ఒక్కసారి వెయ్యన్నా, ఎవరు చూస్తారు?" అన్నాను.

"చూస్తే మా వంతు పోద్ది సార్."

"ఆకలా సార్, తిండి యావా?" ఎండుచేపల పులుసు వడ్డిస్తూ ఆయన భార్య నవ్వింది. ఆకలేనన్నాను. అబద్ధం.

రమణయ్య లేచి వెళ్ళి, అప్పుడే ఒడ్డుకొచ్చిన అవతలి ఊరి పడవ దగ్గర దోసెడు రొయ్యలు అడిగి తెచ్చాడు. వంతు దాటని మనిషి నా నోటి కోసం చెయ్యి చాచాడు.

ఇగురు బాగుంది. ఆయన ముఖంలోకి చూడకుండా తిన్నాను.