బానెట్టులో ఇరుక్కున్న నవ్వు

టాక్సీ స్టాండులో ఆయన్ని అందరూ రేడియో అనేవారు. స్విచ్చి లేని రేడియో. ఎక్కిన మనిషి తలుపు వేసుకునేలోగా వాన, ధరలు, మోకాళ్ల నొప్పులు అన్నీ దాటేసి, మేనత్త సంగతుల్లో పడేవాడు. గమ్యం రాగానే గొడుగు కారులోనే మరిచిపోయి పరుగెత్తిన వాళ్లు చాలామందే ఉన్నారు.

అటువంటి రేడియో ఓ రోజు మూగబోయింది. అసలు కారణం ఆయన భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. పై పలువరుస కట్టుడుది. సెట్టు కొత్తది, కాసేపు పెట్టుకుంటే చిగుళ్లు కొరికేది. ఆ సాయంత్రం దాంతో పెద్ద పనుంది. కూతురు తను పెళ్లాడాలనుకున్న కుర్రాడి తల్లిని ఇంటికి పిలిచింది. ఆవిడ బస్సు దిగి స్టాండుకొస్తుంది, ఈయన కారులో తీసుకురావాలి.

"నాన్నా, ఆవిడ ఊ అంటే అంతా అయినట్టే. దారిలో నీ మాటలతో మెత్తబరిచెయ్యి" అంది కూతురు.

తన మాటల్ని ఇంట్లో ఒకరు అడిగి మరీ కోరడం రేడియోకి అదే మొదటిసారి. పొంగిపోయాడు. చిగుళ్లకి పొద్దుటిపూట సెలవిచ్చి, సెట్టును అన్నం బాక్సు పైగిన్నెలో భద్రంగా దాచాడు. వచ్చిన గిరాకీలకి గొంతు పట్టేసిందని సైగ చేశాడు.

ఆ స్టాండు డ్రైవర్లకో అలవాటుంది. పొద్దున్నే బానెట్ ఎత్తి, అన్నం బాక్సును ఇంజను పక్కన రేకు మీద పెడతారు. నాలుగు చోట్ల తిరిగొచ్చేసరికి అన్నం పొగలు కక్కుతుంది. ఆ పూట రేడియో బుర్ర సాయంత్రం చెప్పబోయే కబుర్ల మీదుంది, చేతులు తమ అలవాటు ప్రకారం తమ పని కానిచ్చాయి. పళ్లు వెళ్లి ఇంజను పక్కన కూర్చున్నాయి.

మధ్యాహ్నం స్టాండుకొచ్చాక గుర్తొచ్చింది. స్టీరింగు కింద బానెట్ తెరిచే లివరు పట్టుకుని బలంకొద్దీ లాగాడు. లివరు చేతికొచ్చింది, తోడుగా తెగిన కేబుల్ ముక్కొకటి వచ్చింది. బానెట్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. యజమానీ అంతే.

"ఏంటన్నా, కేబుల్ తెగిందా?" అంటూ ఎదురు షెడ్డు మెకానిక్ వచ్చాడు. "గొంతు ఇంకా పట్టేసే ఉందా? మా చెవులు చేసుకున్న పుణ్యం!"

రేడియో పెదాలు బిగించి బానెట్ చూపించాడు, గాల్లో బాక్సు గీశాడు, పొట్ట పట్టుకున్నాడు. ఇంకేం చెప్పగలడు?

"ఆకలా? దానికింత గోలేంటన్నా! ఇవి తిను, కరకరలాడుతున్నాయి" అని మెకానిక్ గుప్పెడు వేయించిన గింజలు చేతిలో పోశాడు. రేడియో వాటివైపు అప్పులవాణ్ని చూసినట్టు చూశాడు.

మెకానిక్ గ్రిల్లు సందులోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు దూర్చాడు. అది లోపల పడిపోయింది. దాన్ని తీయడానికి దూర్చిన ఇనపకమ్మీ కూడా దాని వెనకే వెళ్లింది.

"చూశావా, లోపల జాగా బాగానే ఉంది" అన్నాడు, సిగ్గన్నది లేకుండా. "పోనీ కారు వదిలెయ్ అన్నా. రేపు పొద్దున బంపరు ఊడదీసి..."

రేడియో అతని కాలరు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఓ ఆడగొంతు వినిపించింది.

"రేడియో గారంటే ఎవరండీ? ఆ పేరు అడిగితే చూపిస్తారంది మీ అమ్మాయి. బస్సు ముందే దొరికింది, వచ్చేశాను."

కుర్రాడి తల్లి! భారీ మనిషి, చేతిలో భారీ సంచి. రేడియో కాలరు వదిలి చేతులు జోడించాడు. నోరు విప్పలేదు, కనీసం నవ్వలేదు. ఆవిడ మొహం బిగిసింది.

"నేను రావడం ఇష్టం లేదా ఏంటి?"

రేడియో మెడ విరిగిపోయేట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఆయనకి ఆకలమ్మా. గొంతు కూడా పట్టేసింది. అన్నం బాక్సు లోపలుంది, ఇది తెరుచుకోవట్లేదు" అని మెకానిక్ అందుకున్నాడు.

"అంతేనా! మా ఇంట్లో ఇనప్పెట్టె గడియ కూడా ఇంతే, మీద కూర్చుంటేగాని వదలదు. జరగండి." ఆవిడ సంచి కింద పెట్టి, బానెట్ మీద చతికిలబడింది. కారు మోకాళ్ల మీద వంగినట్టయింది. "బాబూ, ఆ తెగిన తీగ రెండో కొస లోపలే ఉంటుందిగా? పట్టుకుని లాగు!"

మెకానిక్ స్టీరింగు కింద దూరి, తీగ కొసను పటకారుతో పట్టి లాగాడు. టక్! ఆవిడ దిగింది. అతను సందులో వేళ్లు పెట్టి కొక్కెం తప్పించి బానెట్ ఎత్తాడు. రేడియో దూకేలోగా బాక్సు అందుకుని, "ముందు మా అన్న ఆకలి తీరాలి" అని మూత తీశాడు.

పైగిన్నెలోంచి పలువరుస అందరివైపూ చూసి నవ్వింది.

"అన్నా," అన్నాడు మెకానిక్ నీరసంగా, "నీ అన్నానికి పళ్లొచ్చాయి."

రేడియో గిన్నె లాక్కుని, అటు తిరిగి సెట్టు పెట్టుకున్నాడు. ఇంజను వేడికి అది వంకర తిరిగింది. ఆయన ఇటు తిరిగేసరికి పెదవి పైకి తన్ని, పళ్లన్నీ బయటే ఉన్నాయి. అంతవరకూ తెరుచుకోని నోరు ఇప్పుడు మూతపడనంది. తయారుచేసుకున్న ప్రసంగమంతా "హా... హా..." అని గాలిగా పోయింది.

ఆవిడ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. "అమ్మయ్య! మీరు నోరు తెరిస్తే ఆపరని మా అబ్బాయి చెప్పాడు. మా ఇంట్లో మావారొక్కరు చాలు బాబూ, రెండో ఆయన్ని నేను భరించలేను. ఈ సంబంధం వద్దని చెప్పిపోదామనే వచ్చాను. తీరా చూస్తే ఇంత నెమ్మది మనిషి! పైగా నవ్వుమొహం! నాకు నచ్చారు వియ్యంకుడుగారూ."

మౌనం గొప్పదని ఊదరగొట్టేవాళ్లు ఈ ఉదంతాన్ని వాడుకోకుండా ఉంటే మంచిది. ఆయన మౌనం వివేకం వల్ల రాలేదు, పళ్లు లేక వచ్చింది.

ఆవిడ కూర్చున్నచోట బానెట్ సొట్టపడి, మళ్లీ మూతపడలేదు. మెకానిక్ దానికి తాడు కట్టాడు. రేడియో తన మూతికి తువ్వాలు కట్టుకుని కారు తీశాడు. ఆవిడ పక్కసీట్లో కూర్చుని తలుపు వేసుకునేలోగా వాన కబుర్లు మొదలుపెట్టింది. తర్వాత ధరలు, ఆపైన మోకాళ్ల నొప్పులు. ఇల్లు కనబడేసరికి మేనత్త సంగతుల్లో ఉంది.

కారాగగానే రేడియో తన గొడుగు సీట్లోనే మరిచిపోయి ఇంట్లోకి పరుగెత్తాడు.