నల్లదారంతో కుట్టిన గోలీ అట్ట

2022 వానాకాలం. మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద పైన టైలర్ షాపు, కింద మా డాక్టరమ్మ క్లినిక్. అక్కడ రిజిస్ట్రేషన్ కౌంటర్ నాది. నా చదువు ఏడో తరగతి సగం దాకానే. మిగతా సగం ఇంకా బడిలోనే ఉంది, వెళ్ళి తెచ్చుకోలేదు. అయినా డాక్టరమ్మ నన్ను పెట్టుకోవడానికి రెండు కారణాలు: నా చేతిరాత, నా నోరు. చేతిరాత కార్డులకు పనికొస్తుంది, నోరు క్యూలో కొట్లాడేవాళ్ళకు.

కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఓపీ కార్డు రాయాలి. పేరు, ఊరు, వయసు, పాత జబ్బులు, చివర్లో అలర్జీ గడి. ఒంటికి పడని మందు ఉంటే దాని పేరు అందులో రాయాలి, లేకపోతే 'నిల్' అని రాయాలి. డాక్టర్ ఆ గడి చూసే మందు రాస్తారు. మా దగ్గర దాదాపు అందరిదీ నిల్లే. అందుకని నేనొక తెలివైన పద్ధతి కనిపెట్టాను. పొద్దున షట్టర్ ఎత్తి, అగర్‌బత్తి వెలిగించి, ఖాళీ కార్డుల కట్ట ముందేసుకుని అన్నిటి మీదా నిల్ రాసి పెట్టుకునేవాణ్ణి. రావలసిన మనిషి ఇంకా ఇంట్లో చాయ్ తాగుతుండగానే, అతనికి లోకంలోని మందులన్నీ పడతాయని ఇక్కడ తేల్చేసేవాణ్ణి.

ఆ రోజు పదకొండింటికి ఎంకపల్లి నుంచి ఒక అవ్వ కుంటుకుంటూ వచ్చింది. బంతితోటలో పని చేస్తుంటే కొడవలి కాలికి తగిలిందట. పాదం ఉబ్బింది. ఊళ్ళో మందులిచ్చే ఆర్‌ఎంపీ దుకాణం మూసేసి వెళ్ళిపోవడంతో మా దగ్గర పేరు రాయించుకుందామని వచ్చింది.

"పేరేందవ్వా?"

"సువార్తమ్మ."

"వయసు?"

"నీకు కండ్లున్నయి కదా బిడ్డా, సూసి రాయి."

"నా కండ్లకు ఇరవై అయిదే కనపడుతున్నయి. ఆధార్ కార్డేమో అరవై ఎనిమిది అంటున్నది. ఎవల మాట రాయాలె?"

"ఆధార్ మాటే రాయి. ఇరవై అయిదు రాస్తే పెండ్లి సూపులకొచ్చిన్నని డాక్టరమ్మ చాయ్ పోస్తది."

క్యూ అంతా నవ్వింది. నాకు తగ్గ మనిషి దొరికిందనుకున్నాను. ఇంతలో అవ్వ సంచిలోంచి ఒక గుడ్డ తీసి కౌంటర్ మీద పరిచింది. పాత చీర ముక్క. దాని మీద వరసలు వరసలుగా కుట్టిన ఖాళీ గోలీల అట్టలు.

"గిదేందవ్వా, బొంతనా? చలికాలం తేవాల్సింది."

"నేను మింగిన గోలీలు. డాక్టరమ్మకు సూపియ్యాలె."

"డాక్టరమ్మ కొత్త గోలీలు రాస్తది, పాత అట్టలు కొనది. పాత సామాన్లోడు శుక్రారం వస్తడు, ఆయనకు సూపిద్దాం."

క్యూ మళ్ళీ నవ్వింది. అవ్వ నవ్వలేదు. లోపల జాగా లేదని చెప్పి ఆ గుడ్డను సంచితో సహా కౌంటర్ కింద పెట్టాను. పొద్దుటి నుంచి నిల్ మోస్తున్న కార్డు మాత్రం ఆమెతో లోపలికి వెళ్ళింది.

డాక్టరమ్మ గాయం కడిగించి, కట్టు కట్టించి, యాంటీబయాటిక్ రాసింది. అంటే చీము ముదరకుండా ఆపే మందు. అవ్వ పక్క దుకాణంలో గోలీలు కొనుక్కుని మళ్ళీ నా ముందు బెంచీ మీద కూర్చుంది. నీళ్ళిచ్చాను. సంచి అడిగితే అదీ ఇచ్చాను.

"బిడ్డా, ఈ గోలి నా గుడ్డల ఉన్నదా సూడు."

"లేదవ్వా. నీయి ఎర్రయి, నీలయి. ఇది తెల్లది. ఫికర్ లేదు, మింగు."

"రంగు నాకు గూడ కనపడుతున్నది. పేరు సదువు."

అట్టల మీది పెద్దక్షరాలన్నీ చదివాను. ఒక్కటీ కలవలేదు. "లేనే లేదు, మింగు" అన్నాను. అవ్వ గోలీ విడదీసి అరచేతిలో వేసుకుంది. అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"పెద్దక్షరాలు కంపెనోల్లు పెట్టుకున్న పేరట. కింద సన్నగ ఉండేదే మందట. అది సదివినవా?"

"గిదెవలు చెప్పిండ్రు నీకు?"

"చేవెళ్లల మందుల దుకాణంల అడిగి తెలుసుకున్న. నువ్వు సదువు."

కొత్త అట్ట కింద సన్నక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాను. ఎ, ఎం, ఓ, ఎక్స్. తర్వాత గుడ్డ మీద వెతికాను. అన్ని అట్టలూ తెల్లదారంతో కుట్టి ఉన్నాయి. మూడో వరసలో ఒక్కటి మాత్రం నల్లదారం. ఎర్రటి అట్ట, వేరే కంపెనీ. దాని కింద కూడా ఎ, ఎం, ఓ, ఎక్స్. నా ఇంగ్లీషు మీద నమ్మకం లేక మళ్ళీ చదివాను. మారలేదు.

"దీనికి నల్లదారం ఎందుకు కుట్టినవవ్వా?"

"అది మింగినంక మొఖమంత ఉబ్బి గొంతు మూసుకపాయె. ఆటోల పండవెట్టి షాబాద్ దాక తీస్కపోయిండ్రు. సూదులిస్తే పానమొచ్చింది."

ఆమె చేతిలోని గోలీని నేనెప్పుడు లాక్కున్నానో నాకే తెలియదు. తలుపు కొట్టకుండానే డాక్టరమ్మ గదిలోకి దూరాను. ఆమె బయటికి వచ్చి రెండు అట్టలూ ట్యూబ్‌లైటు వెలుగులో పక్కపక్కన పెట్టి చూసింది.

"పేర్లు వేరు, మందు ఒకటే. ఇది మింగి ఉంటే ఈసారి షాబాద్ దాకా కూడా..." అని ఆపేసింది. తర్వాత కార్డు అందుకుంది.

"ఈ నిల్ ఎప్పుడు రాసినవ్?"

"పొద్దున ఎనిమిదిన్నరకు, మేడం."

"అవ్వ ఎప్పుడొచ్చింది?"

"పదకొండింటికి."

కార్డు తిరిగి నా చేతిలో పెట్టింది. ఆమె వెళ్ళి అవ్వ పక్కన బెంచీ మీద కూర్చుంది.

"అమ్మా, మీకు చదువొచ్చా?"

"రాదమ్మా. బైబిల్ గూడ మా మనుమరాలు సదివితే వింట."

"మరి ఇవన్నీ ఎందుకు దాచిండ్రు?"

"మా చెల్లె జరమొచ్చి ఒక గోలి మింగి పడిపోయింది. పెద్ద దవాఖానల ఏం గోలి మింగిందని అడిగిండ్రు. తెల్లగ ఉండె అని చెప్పినం. మాకు ఇంకేం తెల్వకపాయె. తెల్లారెసరికి పోయింది. అప్పటి సంది నేను ఏది మింగినా అట్ట పారెయ్య. మా ఊరి మందులాయన నాలుగు గోలీలు కోసిచ్చినా, అక్షరాలున్న ముక్కే ఇయ్యమని అడిగేదాన్ని."

అప్పుడు ఆ గుడ్డను నేను మొదటిసారి సరిగ్గా చూశాను. పైన పాతవి, కిందికి వచ్చేకొద్దీ కొత్తవి. ప్రతి అట్టనూ అంచుల దగ్గరే కుట్టింది. అన్నేళ్ళ కుట్టులో సూది ఒక్క అక్షరం మీద కూడా దిగలేదు. చదవడం రాని మనిషి, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చదువుతారని, ఒక్కొక్క అక్షరాన్నీ అంత భద్రంగా కాపాడింది. క్యూలో ఇందాక నవ్వినవాళ్ళు కూడా మెడలు చాచి చూస్తున్నారు.

డాక్టరమ్మ మందు మార్చి రాసింది. గుడ్డ మీది పేర్లన్నీ కాగితం మీదికి ఎక్కించమని నాకు చెప్పింది. అవ్వ నా పక్కనే కుర్చీ వేసుకుని, ఒక్కో అట్ట మీదా వేలు పెడుతూ కూర్చుంది.

"ఒకటి ఎగ్గొట్టినవ్ బిడ్డా."

"సదువు రాదంటివి కదవ్వా."

"లెక్కొస్తది."

కార్డు మీద నిల్ కొట్టేసి, ఎర్ర పెన్నుతో ఆ మందు పేరు రాశాను. ఎక్కడ రాశావో చూపించమంది. ఆమె వేలు పట్టి దాని మీద పెట్టాను. ఆ ఆకారాన్ని చాలాసేపు చూసి, అప్పుడు లేచింది.

ఆ తర్వాత సొరుగులోని పాత కార్డులన్నీ తీసి, నంబరున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను. కొన్ని వారాలు పట్టింది. కొందరు తిట్టారు, కొందరు లోన్ ఇస్తామనేవాళ్ళేమోనని పెట్టేశారు. ఇద్దరు మాత్రం, అవును, ఒక సూది పడదు, మీరు అడగలేదు కాబట్టి చెప్పలేదు అన్నారు. ఫోన్ పెట్టేశాక ఆ రెండు కార్డుల మీదా నిల్ కొట్టేసి ఎర్ర పెన్నుతో రాశాను.

ఇప్పుడు ప్రతి మనిషినీ అడుగుతాను. గుర్తు లేదంటే ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేయిస్తాను. క్యూ పెరుగుతుంది, వెనకవాళ్ళు సణుగుతారు. ఆ ప్రశ్న అడగడానికి అర నిమిషం పడుతుంది. గోలీ మింగడానికి అంత కూడా పట్టదు.