జర జరుగుతరా?

మా జమేదార్ సాబ్ పోయాడు. మొన్న అంగడి రోజు పొద్దున్నే నా ఉల్లిగడ్డల దుకాణం షట్టర్ ఎత్తుతుంటే, ఎదుట జామపండ్ల బండి ఆమె చెప్పింది. "సాబ్ లేడంట అన్నా. నిద్రలనే పోయిండంట." జహీరాబాద్‌లో హెడ్ కానిస్టేబుల్‌ను ఇప్పటికీ జమేదార్ అనే అంటాం. ఈయన రిటైరై చాలా ఏళ్లయింది. అయినా మా బజారులో ఆ మాట అంటే ఈయనే.

మా వీధి ఇరుకు. అంగడి రోజు కోహీర్ జామపండ్ల బండ్లూ కూరగాయల గంపలూ కలిసి దారి మూసేస్తాయి. మిగతా పోలీసులు సీటీ ఊదుకుంటూ వచ్చేవారు. ఈయన జేబులోనూ సీటీ ఉండేది గానీ దాని మోత నేనెప్పుడూ వినలేదు. ఒక్కో బండి దగ్గర ఆగి "జర జరుగుతరా?" అనేవాడు. 'జరుగున్రి' అనడు. అడిగి, జవాబొచ్చేదాకా నిలబడేవాడు. బేరం మధ్యలో ఉంటే అది తెగేదాకా కూడా. చూస్తున్న నాకు ఒళ్లు మండేది. ఒకసారి కొత్తగా వచ్చిన ఎస్సై అందరి ముందే, "నువ్వు పోలీసువా, పెండ్లి పిలుపుకు వచ్చినవా?" అని గద్దించాడు. ఈయన సెల్యూట్ కొట్టి, పక్క బండి దగ్గరికి వెళ్లి మళ్లీ అదే అడిగాడు.

"అడుగుడెందుకు సాబ్, ఒక్కటి తగిలిస్తే అయిపాయె గద" అన్నాను.

"తగిలిస్తే నేనున్నంత సేపే జరుగుతరు తమ్మీ. ఈ బట్టలు సర్కారిచ్చింది, ఇజ్జత్ మీరిచ్చిన్రు. మీరు వాపస్ తీస్కుంటే నాకు ఉట్టి బట్టలే మిగుల్తయి."

మెత్తని మనిషి, ఏదో సర్దిచెప్పుకుంటున్నాడు అనుకున్నాను.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లన్నీ మోగిపోతున్న రోజులవి. ఝరాసంగం దిక్కు ఒక ఊళ్లో ఒకణ్ణి పట్టుకున్నారని కబురొచ్చింది. స్టేషన్ జీపు చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు ప్రమాదానికి పోయింది. సాబ్ నేను ఉల్లిగడ్డలు తెచ్చుకునే ట్రాలీ ఆటో దగ్గరికి వచ్చి, "తమ్మీ, జర వస్తవా?" అన్నాడు. ఆ తొందరలోనూ అడగడమే.

మేం పోయేసరికి గొంగళ్లు అమ్ముకునే ఒక ముసలాయనను కరెంటు స్తంభానికి కట్టేసి ఉంచారు. పెదవి పగిలింది. చుట్టూ కట్టెలు పట్టుకున్న జనం. సాబ్ లాఠీ నా సీటు మీదే వదిలేసి దిగాడు. పిచ్చా ఈయనకు అనుకున్నాను.

"ఆయన్ను నాతోటి పంపిస్తరా?" అని అడిగాడు.

"పంపకుంటే?" అన్నాడొకడు.

"పంపేదాంక ఈడనే కూసుంట. గానీ ఆయన మీద చెయ్యి పడాల్నంటే ముందుగాల నా మీద పడాలె. గిది అడుగుతలేను, చెప్తున్న." స్తంభానికి ఆనుకుని, ముసలాయన కాళ్ల దగ్గరే మట్టిలో కూర్చున్నాడు.

అక్కడి నుంచే సాబ్, పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్నాడని మొదట కేకలు వేసిన తల్లిని పిలిచి, "అక్కా, ఏమన్నడు?" అని అడిగాడు.

"మా పోరణ్ణి చూసుకుంట 'నీ కొడుకు, నీ కొడుకు' అన్నడు సాబ్."

ముసలాయన తల ఊపుతూ గొణిగాడు. "నీర్ కొడు... నీర్ కొడు అందె."

గుంపు వెనక నుంచి బీదర్ దిక్కు నుంచి కోడలుగా వచ్చిన ఒక ముసలామె నెత్తి కొట్టుకుంది. "అయ్యో మీ పాడుగాను! కన్నడంల నీళ్లియ్యమన్నడే!"

ఆ తల్లి ఇంట్లోకి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను కట్లు విప్పబోతే సాబ్ ఆపాడు. జనం వైపు తిరిగి, "కట్టినోల్లే విప్పుతరా?" అన్నాడు. 'పంపకుంటే' అన్నవాడే కట్టె పడేసి ముందుకొచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ముసలాయన వెనక గొంగళ్ల మీద కూర్చున్నాడు. సాబ్ లాఠీ ఒళ్లో పెట్టుకుని ముందు నా పక్కన కూర్చున్నాడు. "భయం గాలేదా సాబ్?" అంటే, "మస్తయింది. నేనడిగితే ఒద్దంటరేమోనని" అన్నాడు.

అదే రోజు మధ్యాహ్నం ఆయన పాడె లేచేసరికి అంగడి నిండుగా ఉంది. స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ దారి చేయడానికి ముందు నడుస్తూ సీటీ నోట్లో పెట్టుకున్నాడు. మా వీధి మొదట్లోనే ఉన్న వాళ్లింటి గడపలో ఇద్దరు పట్టుకుంటే నిలబడ్డ సాబ్ భార్య, ఏడ్చి ఏడ్చి పోయిన గొంతుతోనే అంది.

"ఊదకు బిడ్డా. అడుగు."

అతనికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. ఏమని అడగాలో చెప్పాను. సీటీ జేబులో వేసుకుని, జామపండ్ల బండి దగ్గరికి వెళ్లి, నోరు తిరగనట్టుగా అన్నాడు. "జర... జరుగుతరా?"

ఆమె తక్కెడ కింద పెట్టి, బండి పిడి పట్టుకుంది.

"జరుగుతం సాబ్" అంది, పాడె వైపు చూస్తూ.