ఆకు వెనక తెలుపు

ఆ వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, కాలు తెగినా ముందు గుర్తొచ్చేది సూదులక్కే. పంతొమ్మిదేళ్లుగా ఒకే క్లినిక్‌లో నర్సు. కబుర్లు చెబుతూనే సూది గుచ్చి తీసేస్తుంది, పిల్లలు ఏడుపు మరిచి "అయిపోయిందా?" అని అడుగుతారు. అలాంటి మనిషి మొక్కల దగ్గర తోడికోడలి మీద కుళ్లుకుందంటే ఎవరూ నమ్మరు. కానీ కుళ్లుకుంది.

ఇద్దరిదీ ఒకటే ఇల్లు. కింద వాటాలో సూదులక్క కుటుంబం, పైన మరిది కుటుంబం. మామగారు గడియారాలు బాగుచేసి బతికిన మనిషి. కింద గదిలో ఉంటారు. నాలుగేళ్ల కిందట చిన్నకోడలు కాపురానికొచ్చిన కొత్తలో, "అక్కా, ఒక్క కొమ్మ ఇస్తారా?" అని మనీప్లాంటు తీగ అడిగింది. సూదులక్క సంతోషంగానే తుంచి ఇచ్చింది. ఆ ఒక్క కొమ్మా పై వరండా అంతా అల్లుకుంది. పక్కన పదిహేను కుండీలు చేరాయి. వచ్చినవాళ్లంతా మెడలెత్తి చూసి, "చిన్నావిడ చెయ్యి మంచిదండీ" అనేవారు. తల్లి తీగ ఎవరిదో ఒక్కరైనా అడగరేం?

అదైనా దిగమింగుకునేదే. మింగుడుపడనిది మామగారి సంగతి. పొద్దున్నే పేపరు చంకన పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, ఆ మొక్కల మధ్య కుర్చీ వేసుకునేవారు. ఆయన బీపీ చూసేది తను, మాత్రలు గుర్తుచేసేది తను. కూర్చునేది మాత్రం అక్కడ!

ఆ ఎండాకాలం సూదులక్క మొక్కల ఆకుల మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. ఉత్త గుడ్డతో తుడిస్తే పోలేదు. గోటితో గీరితే సున్నంలా రాలింది. క్లినిక్‌లో పరికరాలు మరిగించే గిన్నె అడుగున కట్టే పొర గుర్తొచ్చింది. నిమ్మరసం కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి తుడిస్తే మచ్చ వదిలింది. బోరు నీళ్లు ఆకుల మీద చల్లడం వల్ల పేరుకున్న ఉప్పు, అంతే. అప్పట్నుంచి నీళ్లు మొక్క మొదట్లోనే పోసింది. తనే కనిపెట్టినందుకు కాస్త గర్వపడింది కూడా.

రెండు వారాలకు, మామగారి బీపీ చూడడానికి పైకి వెళితే చిన్నకోడలు ఒక కుండీ ముందుకు జరిపింది.

"అక్కా, మీ ఆకులకీ ఇలాగే తెల్లగా వచ్చింది కదా. అదేనా ఇది?"

సూదులక్క ఆకు తిప్పి చూసింది. ఆకు వెనక, కాడ మొదట్లో, దూదిపింజల్లాంటి తెల్లటి ముద్దలు. వేలు పెడితే జిగురు. ఉప్పు కాదు, పిండినల్లి. రసం పీల్చేస్తుంది, పక్క కుండీకి పాకుతుంది. ఇంకెవరి మొక్కయినా అయితే అప్పటికప్పుడే చెప్పేసేది.

"అదే. నీళ్ల మరకలు. నిమ్మరసం నీళ్లతో తుడువు, పోతాయి" అంది.

మెట్లు దిగుతుంటే కాళ్లు తేలిగ్గా ఉన్నాయి.

మూడు వారాల్లో పై వరండా పసుపుబారింది. సూదులక్క డ్యూటీకి వెళుతూ రోజూ మెడెత్తి చూసేది. మొదట్లో హాయిగానే ఉండేది. తర్వాత్తర్వాత చూడకుండా ఉండలేకపోయేది, చూసి తట్టుకోలేకపోయేది. ఒకరోజు క్లినిక్‌లో ఒక ముసలావిడ కాలి పుండుకు కట్టు విప్పుతూ, "ఇంత ముదిరేదాకా ఏం చేశారు?" అని కసిరింది. "చెప్పేవాళ్లు లేకపోయారమ్మా" అందావిడ. సూదులక్క పుండు కడిగి కొత్త కట్టు కట్టింది. ఇంటికొస్తూ దూదీ స్పిరిటూ కొని సంచీలో వేసుకుంది.

గేటు తీస్తుండగానే పైనుంచి మామగారి కేక. గడియారాలు చూసే కంటద్దం పెట్టుకుని ఆకు మీదికి వంగి ఉన్నారు.

"పెద్దమ్మాయ్, ఇలా రా! ఇవి మరకలు కావు, నడుస్తున్నాయి!"

సూదులక్క వెళ్లి సంచీ కింద పెట్టింది.

"పాపం, మీరూ పోల్చుకోలేకపోయారు కదక్కా" అంది చిన్నకోడలు.

"పోల్చుకున్నాను."

"ఎప్పుడు?"

"నువ్వు చూపించిన రోజే."

"మరెందుకు చెప్పలేదు?"

"మామయ్యగారు రోజూ ఇక్కడే కూర్చుంటున్నారని" అంది సూదులక్క. కడుపులో అంత పెద్దగా ఉన్న మాట, బయటికొచ్చేసరికి చిన్నపిల్ల పేచీలా వినిపించింది.

మామగారు కంటద్దం తీశారు. "మొక్కల కోసం కాదమ్మా! ఇక్కడ మోకాళ్ల మీద ఎండ పడుతుంది. కింద నా గదిలో ఎండెక్కడేడిసింది?"

ఎవరూ నవ్వలేదు. చిన్నకోడలు కుండీ దగ్గరికి లాక్కుని, "ఏం చెయ్యాలో చెప్పండి" అంది, మొహం చూడకుండా.

బాగా పాడైన రెండు మొక్కల్ని పారేశారు. పురుగున్న కుండీలు వేరుగా పెట్టారు. స్పిరిట్ ముందు ఒక్క ఆకు మీద రాసి, మర్నాటికి ఆకు మాడలేదని చూశాక, దూదితో ఒక్కో ముద్దనూ తుడిచారు. గుడ్లు మిగిలి మళ్లీ పొదుగుతాయని వారం వారం అదే పని. "ఈ ఆకు పట్టుకోండి," "ఆ కుండీ తిప్పు" తప్ప వాళ్ల మధ్య మాటల్లేవు.

అయిదో ఆదివారం ఎంత వెతికినా తెలుపు కనిపించలేదు. పై తీగకు ఒక లేతాకు విచ్చుకుంటోంది.

"కాఫీ తాగుతారా?" అంది చిన్నకోడలు. అక్కా అని మాత్రం అనలేదు.

సూదులక్క మామగారి పక్కన కూర్చుని తాగింది. నిగనిగలాడుతున్న ఆ చిగురును చూస్తే, నిజం చెప్పాలంటే, కడుపులో ఇంకా మండింది. కింద తన తీగకు ఆ నెలలో ఒక్క ఆకూ రాలేదు.