శుక్రవారం నాటి అంగీ

హిందూపురం నూరుల్లా పదేళ్ళుగా ఇనుప అతుకులకు ఫొటోలు తీసే పనిలో ఉన్నాడు. బాయిలర్లు, పైపులు వెల్డింగు చేసిన చోట లోపల సందులేమైనా మిగిలాయా అని చూసే పని. అతుకుకు ఒక పక్క ఫిల్మ్ కట్టి, ఇంకో పక్కకు ఇరిడియం బిళ్ళను పంపుతారు. అది మిరియపు గింజంత ఉంటుంది, కానీ దాని కిరణాలు ఇనుములోంచి కూడా దూసుకుపోయి ఫిల్మ్ మీద పడతాయి, ఒంటికి ఎక్కువ తగిలితే ప్రమాదం. దూరంగా నిలబడి చక్రం తిప్పితే, తీగ చివరనున్న ఆ బిళ్ళ బరువైన పెట్టెలోంచి బయటికి వస్తుంది. వెనక్కి తిప్పితే మళ్ళీ లోపలికి పోతుంది. దానికి వేడి లేదు, వాసన లేదు, వెలుగు లేదు. దగ్గర ఉండే సేపు తగ్గించాలి, దూరం పెంచాలి, మధ్యలో అడ్డం ఉంచాలి. రెండింతల దూరం పోతే తగిలేది నాలుగో వంతే. బొంబాయిలో నేర్పిన ఈ పాఠం నూరుల్లాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

మనిషికి ఎంత తగిలిందో చెప్పడానికి అంగీ జేబుకు చిన్న ఫిల్మ్ బ్యాడ్జి ఉంటుంది. అది కాపాడేదేమీ లేదు, కొలుస్తుందంతే. నెలకోసారి దాన్ని బొంబాయికి పంపేవారు.

1983 ఎండాకాలంలో, ధర్మవరం దగ్గర నీళ్ళ పైపుల పని నడుస్తుండగా, నూరుల్లా బ్యాడ్జి నల్లబడిందని కాగితం వచ్చింది. ఏడాదికి తగలదగిన దానికి నాలుగింతలు. సూపర్వైజరు జయరాజు ఆ పూటే అతన్ని పని మాన్పించి, ఎట్లా జరిగిందని అడిగాడు.

నూరుల్లాకు తెలిసినంతలో రెండే దారులు. శుక్రవారం మధ్యాహ్నం అతను నూనె మరకల అంగీ విడిచి, సంచిలోని తెల్ల అంగీ వేసుకుని నమాజుకు పోయేవాడు. విడిచిన అంగీని పైపు కింది స్టాండుకే తగిలించి పోయాడేమో. అతను లేనప్పుడు తోటివాడు జయరాముడు బిళ్ళను బయటికి పంపి ఉంటే, తగిలింది బ్యాడ్జికే. లేదా తిరిగొచ్చి అంగీ తొడుక్కుని, బిళ్ళ పూర్తిగా లోపలికి పోయిందో లేదో మీటరు పెట్టి చూసుకోకుండా ఫిల్మ్ మార్చడానికి పోయాడేమో. ఆ నెలలో ఒక వారం మీటరు బ్యాటరీ సరిగా లేదు. అట్లయితే తగిలింది ఒంటికి.

ఏది జరిగిందో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. శుక్రవారాలన్నీ ఒకేలా ఉన్నాయి.

జయరాముణ్ణి అడిగాడు.

"నేను పైపు దిక్కు చూడనబ్బా, గడియారం చూస్తా. పది నిమిషాలు దాటితే ఫిల్మ్ చెడిపోతాది, జయరాజు నన్ను తింటాడు" అన్నాడు జయరాముడు.

నెత్తురు తీసి బొంబాయికి పంపారు. కణాల లోపలి సన్నని పోగులు తెగి ఉంటే తగిలింది మనిషికని లెక్క. జవాబు వచ్చేదాకా పెనుకొండలోని కంపెనీ షెడ్డులో కూర్చోమన్నారు. అతను రోజూ బస్సులో పోయి, బెంచీ మీద కూర్చుని, సాయంత్రం వచ్చేవాడు. అన్నం తింటున్నప్పుడు రుచి తెలియలేదు. భయం కూడా సరిగా రాలేదు. భార్య ఖైరున్‌బీ అతను స్నానం చేసేటప్పుడు వీపు, చేతులు వెతికేది.

"నొప్పి ఉండాదా?"

"లేదు."

"మంట?"

"లేదు."

"చెమటకాయలు మాత్రం ఉండాయి" అని చెప్పి, పొడి చల్లి పోయింది.

నెలన్నరకు జయరాజు పిలిచి కాగితం చదివాడు. పోగులు తెగలేదు. మనిషికి ఏమీ తగల్లేదు.

"సంతోషమప్పా" అన్నాడు జయరాజు. కానీ కాగితం మడవలేదు. "తగిలింది బ్యాడ్జికేనంటే, నువ్వు దాన్ని బిళ్ళ దగ్గర వదిలి పోయినట్టు. ఇంక నిన్ను ఈ పనికి పంపేకి లేదు. గ్రైండింగులో చేరు."



"అయితే ఆ పొద్దు అంగీ నా ఒంటి మీద లేదన్నమాట, సార్" అన్నాడు నూరుల్లా.

"లేదు."

సంతకం చేసి బయటికి వచ్చాడు. ఇంటికి పోయి ఖైరున్‌బీకి రెండు సంగతులూ చెప్పాడు. ఆమె మొదటిదే విన్నది. ఏడ్చి, మొహం కడుక్కుని, పక్కింటికి చెప్పడానికి పోయింది.

సోమవారం అతుకులు అరగదీసే చోట నిలబడ్డాడు. పొద్దున పదకొండుకు, బిళ్ళ బయటికి వస్తోంది దూరం పొమ్మని గంట మోగింది. కొత్త మనిషి చక్రం పట్టుకున్నాడు. మిగిలిన కూలీలతో పాటు నూరుల్లా కూడా గ్రైండరు కింద పెట్టి, చూపించినంత దూరం నడిచిపోయాడు.