పదో సంతకం

తాను ఎమ్మెల్యే అవనని పెదబాబుకి తెలుసు. ఆ ముక్క ముందే చెప్పేసుకుంటే ఒక గొడవ వదిలిపోతుంది. మాకవరపాలెం రోడ్డు మీద ఆటో దిగి, జీడితోటల్లోంచి లోపలికి నడిస్తే వచ్చే గెడ్డపాలెంలో అతను బెల్లం వండుకుని బతికే మనిషి. ఊరి ముందు గెడ్డ. ఎండాకాలంలో ఆ వాగు దాటడానికి మేక కూడా ఆలోచించదు. వాన పట్టిందంటే మాత్రం ఊరికి బయటినుంచి గొళ్లెం పెట్టినట్టే. అవతలున్నవాడు అవతలే, ఇవతలున్నవాడు ఇవతలే.

అలాంటి వానరోజునే అతని కూతురు మణిని పాము కరిచింది. తొమ్మిదేళ్ల పిల్ల. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మనుషులు గెడ్డ దాకా మోసుకొచ్చారు. మొలలోతు నీళ్లయితే దిగేవాళ్లే. మనిషి మునిగే లోతున సుడులు తిరుగుతున్నాయి. అవతలి గట్టు మీద ఆటో వచ్చి ఆగి ఉంది, డ్రైవరు చెయ్యి ఊపుతున్నాడు. నర్సీపట్నం ఆసుపత్రి అక్కడినుంచి అరగంట దూరం. ఆ అరగంట దూరం పోలేక పిల్ల పొద్దుగూకే దాకా ఇవతలి గట్టు మీదే ఉండిపోయి, తల్లి లోవమ్మ ఒళ్లో చల్లబడిపోయింది. మర్నాటికి గెడ్డ నీరు తీసింది. తీసి ఎవరిని ఉద్ధరించిందో ఆ గెడ్డకే తెలియాలి.

ఆ తర్వాత వంతెన కోసం పెదబాబు ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. రాసుకున్నాం, పంపించాం, పైనుంచి రావాలి అనేవారు. పైనుంచి వానలు తప్ప ఏవీ రాలేదు. అప్పుడే విశాఖపట్నంలో ఒక ప్లీడరుగారు ‘శ్రమజీవుల సమతా పార్టీ’ అని ఒకటి పెట్టి, ఎన్నికల్లో నిలబడేవాళ్ల కోసం ఊళ్లు తిరుగుతూ ఇతన్ని పట్టుకున్నారు. అర్జీ పెడితే నిలబెట్టి పంపిస్తారు, నామినేషన్ వేస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు అన్నారాయన. అది మాత్రం అబద్ధం కాదు. నామినేషన్ వేసిన రోజు ఆర్డీవో ఆఫీసులో పెదబాబుకి కుర్చీ వేశారు. అదే ఆఫీసు వరండాలో అతను ఎన్ని పూటలు గోడకి చేరగిలబడి నిలబడ్డాడో.

అలా మొదలైంది. రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడూ నిలబడ్డాడు, విడిపోయాకా నిలబడ్డాడు. గుర్తింపు లేని పార్టీ కనక గుర్తు కూడా సొంతం కాదు. ఒకసారి విజిల్ ఇచ్చారు, ఒకసారి టార్చిలైటు, ఒకసారి కుట్టుమిషను. పోయినసారి గుర్తు మనసులో పెట్టుకున్న ముసలమ్మలు ఈసారి ఓటు మిషను మీద అది కనపడక, పక్కనున్నదేదో నొక్కి ఇంటికొచ్చేవారు.

“ఏటి పెదబాబూ, ఈపాలి కుట్టుమిషనా? మా ఇంటిదానికి జాకెట్టు కుట్టి పెడతావేటి?” అని టీకొట్టు దగ్గర వేళాకోళం చేసేవారు. అతనూ నవ్వేసేవాడు. నియోజకవర్గం మొత్తం దులిపినా రెండొందలు, రెండొందల యాభై ఓట్లు రాలేవి. డిపాజిట్టు ఊసు ఎత్తకపోవడమే మర్యాద.

ప్రచారమంటే ఆటోకి ఒక మైకు. ప్లీడరుగారు రాసిచ్చిన ప్రసంగం జేబులోనే ఉండేది. “నా గుంట పేరు మణి. గెడ్డ దాటలేక సచ్చిపోయింది. మీ గుంటలు అలాగ పోకూడదు. ఒంతెనకి ఓటెయ్యండి.” అంతే, ఇంక మాటల్లేవు. చివరికి నర్సీపట్నం కూరగాయల బజారులో కూడా అతన్ని ‘మణి నాన్న’ అని గుర్తుపట్టేవారు. గుర్తుపట్టి, ఇంకెవరికో ఓటేసేవారు. మనవాళ్ల సంగతి కొత్తగా చెప్పుకునేదేముంది?

అయితే గెడ్డపాలెంలో ఒక పద్ధతి ఉండేది. చిన్న పార్టీ నుంచి నిలబడేవాడి కాగితం మీద పదిమంది ఓటర్లు ప్రతిపాదిస్తున్నామని సంతకాలు పెట్టాలి. అది లేకపోతే నామినేషనే చెల్లదు. ఓటు వెయ్యని ఊరు ఆ సంతకాలు మాత్రం అడగ్గానే పెట్టేది. ఓటుకి పెద్ద పార్టీలవాళ్లు చేతిలో ఏదో పెడతారు, పెట్టాక అది తమది కాదు. సంతకానికి ఎవరూ ఏమీ ఇవ్వరు, అందుకని అదొక్కటే తమది. ఇదీ వాళ్ల లెక్క. తప్పో ఒప్పో గాని, పెదబాబు వస్తున్నాడంటే పెన్ను వెతుక్కుని అరుగు మీదికొచ్చేవారు. మొదటి సంతకం ఎప్పుడూ లోవమ్మది. బడి మొహం చూడని మనిషి. వేలిముద్ర అయితే ఆఫీసరు ఎదురుగా వెయ్యాలి, నానా తంటా అని తెలిసి, వాకిట్లో బొగ్గుతో రాసి రాసి తన పేరు నేర్చుకుంది.

ఇలా ఉండగా కిందటిసారి ఎన్నికల్లో పెదబాబు అడుసులో కాలేశాడు.

నామినేషన్లు వెనక్కి తీసుకునే గడువు దగ్గర పడ్డాక, రాజుబాబు కారేసుకుని ఊళ్లోకి దిగాడు. మండలంలో ఓట్లు కూడగట్టి పెట్టడమే అతని వృత్తి. అప్పుడతను ఒక పెద్ద పార్టీకి పనిచేస్తున్నాడు. ఎప్పుడూ ‘ఒరే’ అనేవాడు ఆరోజు ‘గారూ’ అన్నాడు.

“పోటీ బిగుసుకుంది పెదబాబుగారూ. మీ రెండొందల ఓట్లు కూడా మాకు కావాలండి. మీరు తప్పుకోండి, మొదటి ఏడాదిలో ఒంతెన కట్టించే పూచీ నాది.”

“మాటలు శానా ఇన్నానండి.”

“మాట కాదండి. మీ ఊరమ్మోరి కాడ కర్పూరం ఆర్పుతాను.”

అక్కడ పడిపోయాడు పెదబాబు. గట్టు తగాదా గాని, కోడి దొంగతనం గాని, ఆ ఊళ్లో ఆఖరి తీర్పు అమ్మవారి ముందు కర్పూరం ఆర్పడమే. వెలిగే కర్పూరం మీద అరచెయ్యి పెట్టి ఆర్పి చెప్పిన మాటని ఇంక ఎవరూ ప్రశ్నించరు. అలా ఆర్పి అబద్ధమాడినవాడు ఊళ్లో పుట్టలేదు. అందుకని ఎక్కడా పుట్టడనుకున్నాడు పెదబాబు. ఇరవై ఏళ్లు రాజకీయం చేసి ఆ మాత్రం తెలియలేదా అంటే, తెలియలేదు, ఏం చేస్తాం?

రాజుబాబు గుడికొచ్చాడు, చెప్పులు విడిచాడు, కర్పూరం ఆర్పాడు. ఆర్పి, చెయ్యి దులుపుకుని, “మరి మీది కూడా ఉండాలి కదండీ. ఇంకెప్పుడూ నిలబడనని మీరూ ఒట్టెయ్యండి. మీకు ప్రాణమైన పేరు మీదెయ్యండి” అన్నాడు. ఊరంతా చూస్తోంది. ఎదురుగా వంతెన కట్టేసినట్టే ఉంది పెదబాబుకి. “నా మణి మీద ఒట్టు. ఇంక నామినేషనెయ్యను” అన్నాడు. లోవమ్మ గుడి స్తంభం పక్కనే ఉంది. ఏమీ అనలేదు. ఆమె అనకపోవడాన్ని అతను ఒప్పుకోవడం అనుకున్నాడు.

ఆ ఎన్నికలో ఎవరు గెలిచారో మనకి అనవసరం. రాజుబాబులు మాత్రం ఎప్పుడూ ఓడరు. ఆరు నెలలు తిరక్కుండా అతను ఇంకో పార్టీ కండువా కప్పుకున్నాడు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. పెదబాబు నర్సీపట్నం వెళ్లి నలుగురిలో నిలదీశాడు.

“అప్పుడు ఆ పార్టీలో ఉన్నాను. ఇప్పుడు లేను కదా” అన్నాడు రాజుబాబు.

“కర్పూరం ఆర్పింది నువ్వా, పార్టీయా?”

“ఎలక్షన్లప్పుడు పొద్దున్నించి ఆర్పుతూనే ఉంటాం పెదబాబూ. అన్నీ గుర్తుంటాయేటి?”

వంతెన రాలేదు. వచ్చింది ఒక్కటే, చెడ్డపేరు. పెదబాబు ఉత్తినే తప్పుకున్నాడంటే నమ్మేవాడు లేడు. ఏ పార్టీకీ ఉత్తినే ఓటెయ్యని ఊరు అది, ఎలా నమ్ముతుంది? ఐదారు లక్షలన్నారొకరు, జీడితోట రాయించుకున్నాడన్నారొకరు. బెల్లం వండే పెనానికి చిల్లుపడితే బాగుచేయించుకోలేక అతను కూలికి పోతున్నా, ‘బయటికి కనపడనిస్తాడేటి’ అనేవారు. రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక నెలలు నిండిన పిల్లని గెడ్డ దాటిస్తుంటే పట్టు జారింది. తల్లి బతికింది, కడుపులో బిడ్డ దక్కలేదు. ఆరోజు ఆ పిల్ల తండ్రి పెదబాబు వాకిట్లోకొచ్చి శాపనార్థాలు పెడుతూ మట్టి తీసి పోశాడు. రాజుబాబు వాకిట్లో కాదు, చూడండి. పెదబాబు వాకిట్లో.

ఆ మట్టి పడ్డప్పుడే అనుకున్నాడతను, మళ్లీ నిలబడి తీరాలని. రాజుబాబు మాట తప్పాక తన ఒట్టు తనని పట్టుకోదని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. నిలబడితేనే అమ్ముడుపోలేదని ఊరు నమ్ముతుంది. మణి పేరుకి పట్టిన మకిలి వదులుతుంది. ఇంక వేరే దారి లేదు. ప్లీడరుగారు పోయారు గాని, ఆయన కొడుకు పార్టీ కాగితం పంపించాడు.

ఇంక సంతకాలు. ఏ అరుగు మీదికీ ఎవరూ పెన్ను పట్టుకుని రాలేదు. కొందరు తలుపేసుకున్నారు, కొందరు కళ్లద్దాలు లేవన్నారు. చిన్నప్పటినుంచి కలిసి బెల్లం వండిన సింహాద్రి కూడా నాలుగుసార్లు తిప్పించుకున్నాడు.

“ఈపాలి ఏ రేటుకి దిగిపోతావురా?” అన్నాడు చివరికి.

“దిగను.”

“అప్పుడూ అలాగే అన్నావు.”

పెదబాబు వంగి అతని కాళ్లు పట్టుకున్నాడు. ఈడువాడి కాళ్లు. సింహాద్రి అదిరిపోయి, తిట్టుకుంటూ సంతకం గీకి కాగితం మొహాన పడేశాడు. మిగతావి మాకవరపాలెంలో ఒకటి, నర్సీపట్నం బజారులో రెండు, ఇలా తనని బాగా ఎరగనివాళ్ల దగ్గర అడుక్కుని పోగుచేశాడు. నామినేషన్ల ఆఖరి రోజుకి తొమ్మిది అయ్యాయి. మొదటి గడి మాత్రం ఖాళీగా ఉంచాడు. అది లోవమ్మది. ఆ ఒక్కటీ అడగక్కర్లేదు కనక దాని గురించి ఆలోచించనే లేదు.

పదకొండు దాటాక ఊళ్లోకొచ్చాడు. మూడు గంటలకి ఆర్డీవో ఆఫీసు గేటు వేసేస్తారు. గెడ్డ ఎండిపోయి ఉంది కనక ఆటో వీధి మొగదాకా వచ్చింది. లోవమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది.

“బేగి పెట్టీ లోవమ్మా, ఆటో ఆగుంది” అని కాగితమూ పెన్నూ చాపాడు.

ఆమె చెయ్యి చాపలేదు. “నాను పెట్టను” అంది.

వేళాకోళమనుకుందామంటే ఆమె వేళాకోళమాడి ఎన్నేళ్లయింది?

“ఒట్టు గురించా? ఆడు తప్పేడు కదే. అమ్మోరికి తెలవదా ఆ సంగతి?”

“అమ్మోరి సంగతి కాదు.”

“మరేటి? ఒంతెన ఒద్దేటి నీకు?”

లోవమ్మ పిక్కలు పరవడం ఆపింది. “ఒంతెన రాదని నాకు మొదటిపాలే తెలుసు. ఒచ్చినా నాకేటి, నా గుంట దాటతాదా? నాను సంతకం పెట్టింది ఒంతెన కోసరం కాదు మావా. సచ్చిపోయిన గుంట పేరు ఎవులెత్తుతారు సెప్పు. మా అమ్మ ఎత్తదు, నీ అన్నదమ్ములెత్తరు. నానెత్తితే అరిష్టమని నోరు మూయిస్తారు. నువ్వొక్కడివే మైకెట్టుకుని ఈది ఈదీ మణి, మణి అనేవోడివి. గుమ్మంలో కూకుని ఇనేదాన్ని. ఆ ఇనడం కోసరం పెట్టేను. ఓటూ ఏసేను. ఐదేళ్లకోపాలి.”

పెదబాబు చాపిన కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఎన్ని ఎన్నికలు. ఒక్కసారి కూడా ఆమెని ఎందుకు పెడుతున్నావని అడగలేదు.

“ఆ పేరు అట్టుకెళ్లి రాజుబాబు సేతిలో పెట్టేవు. డబ్బులు తీసుకోలేదు, నాకు తెలుసు. ఊరికి తెలవదు. కుళాయికాడ ఏటంటన్నారో ఇన్నావా? ‘మణిని ఎంతకమ్మేడో’ అంటన్నారు. నువ్వు మళ్లీ మైకులో ఆ పేరు సెప్తే నవ్వుతారు. ఈది ఈదీ నవ్వుతారు. నా గుంటని సూసి నవ్వితే నాను ఇనలేను.”

అని మళ్లీ పిక్కలు పరవడంలో పడింది. ఏడవలేదు. ఏడిస్తే అతనికి ఓదార్చే పనైనా ఉండేది.

వీధి మొగలో ఆటో హారన్ కొట్టింది. ఆ ఆటోవాడు నర్సీపట్నం ఓటరే. దార్లో తనే అన్నాడు, ‘ఒకటి తగ్గితే నేను పెడతాలే బాబాయ్’ అని. పదో సంతకం గుమ్మం అవతలే ఉంది. టైమూ ఉంది. పెదబాబు వీధి మొగదాకా వెళ్లి, “నువ్వెళ్లిపో బావూ, నాను రాను” అని చెప్పి తిరిగొచ్చాడు. వచ్చి లోవమ్మకి కాస్త ఎడంగా చతికిలబడ్డాడు.

ఎండ నడినెత్తికొచ్చి, వాలింది. మూడూ దాటిపోయింది. చాలాసేపటికి అతనికి ఒక్కటే తోచింది, ఆ పేరు ఇక్కడ, ఆమె ఒక్కత్తికే వినపడేలా అందామని. నోరు తెరిచాడు. ఊరూరా తిరిగి అంతమందికి మైకులో చెప్పినవాడికి, సొంత వాకిట్లో పెళ్లాం ఎదురుగా కూతురి పేరు గొంతు దాటి రాలేదు.