మట్టెలు పెట్టిన కాళ్లు

శివక్క ఇక చెండాటకు రాదని నాకు మొదట చెప్పింది గాజులమ్మే హుస్సేన్‌బీ. పాతబట్టలు చుట్టిన చెండును కాలితో తన్నడంలో నారాయణఖేడ్‌లో మా గల్లీ ఆడపిల్లలకు శివక్కే దిక్కు. పై గల్లీ వాళ్లతో పోటీ మరునాడే. పెళ్లయిన పిల్ల ఆడకూడదని నాకేం తెలుసు? కొత్త మట్టెలు గుచ్చుకుంటున్నాయేమో అనుకున్నాను. పరుగెత్తి వెళ్లి, "అక్కా, మట్టెలు తీసేసి ఆడరాదే?" అన్నాను.

జొన్నలు చెరుగుతున్న వాళ్లవ్వ చాట కింద పడేసింది. "నీ నోట్ల మన్నువడ! మొగడు బతికుండంగ మట్టెలు తీస్తరానే?"

శివక్క నవ్వింది. "కాళ్లకు పెట్టిండ్రు గని నా నోటికి పెట్టలేదు గదనే అవ్వా. పోరీ, రేపు నా జాగల నువ్వే ఆడాలె. జల్దీ చెండు పట్టుకరా, నేర్పిస్త."

మరునాడు శివక్క అరుగు మీద కూర్చుని, "చెండును గాదే, ఎదుటిదాని కాలు చూడు!" అని ఒకటే కేక. చూశాను, తన్నాను, గెలిచాం.

నెల తిరగకముందే ఆమెను మనూర్‌లో అత్తవారింటికి పంపారు. ఇప్పటికీ బండల మీద మట్టెల చప్పుడు వింటే ఆ కేకే గుర్తొస్తుంది. తన ఆట ఆగిన రోజునే నాకు ఆట నేర్పింది. అంతటి అక్కను ఇచ్చినందుకు దేవునికి దండం. మీరు దీపం పెట్టేటప్పుడు మా శివక్కను ఒక్కసారి తలుచుకోండి.